పాకం కారే నేల

చరిత్ర చదివానంటే అందరూ రాజుల గురించి అడుగుతారు. నేను చదివింది తూముల గురించి. ఏ ఇంట్లో మురుగు ఎటు పోయింది, అంట్లు ఎవరు ఎక్కడ కూర్చుని తోమారు, చీపురు ఏ మూల నిలబెట్టారు, ఎవరి పడక ఎక్కడ వేశారు. ఇదీ నా చదువు. ప్రొద్దుటూరులో మా అమ్మను ఎవరైనా అడిగితే "మా ముబష్షిరా కాలేజీలో పాఠాలు చెప్తుంది" అని ఊరుకుంటుంది. కూతురు పరాయివాళ్ళ వంటింటి జిడ్డు గోకి దానిమీద పుస్తకం రాసిందని చెప్పుకోవడం ఆవిడకు నామోషీ.

అసహ్యం నాకు కొత్త కాదు. ఎండిపోయిన తూముల్లో మోచేతిదాకా పెట్టాను. ఎలుక ఈనిన పరుపులు విప్పాను. ఆ అసహ్యాలన్నీ సబ్బుతో పోయాయి. పోయిన చలికాలం అరబ్బు దేశంలో, హుఫూఫ్‌లో పట్టుకున్నది మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.

హుఫూఫ్ పాతబస్తీలో ఒక పెద్ద ఇల్లుంది. కట్టిన ఆయన మనవలు దాన్ని మ్యూజియం చేయాలనుకున్నారు. వెనకటి రోజుల్లో ఇంట్లో మనుషులు ఎలా బతికారో చూపిస్తారట. పని ఒక ప్రైవేటు కంపెనీ చేతికొచ్చింది, ఆ కంపెనీలో నేను ఉద్యోగిని. ప్రతి గది బయటా ఒక పలక పెడతారు. దానిమీద ఏం రాయాలో తేల్చి సంతకం చేయాల్సింది నేను. నా సంతకం లేనిదే ఏ పలకా ప్రింటుకు పోదు. అక్కడ నాకున్న బలమంతా అదే.

మేనేజరు ఇర్ఫాన్, హైదరాబాదు మొఘల్‌పురా మనిషి. మొదటిరోజే నాకు అరచేతంత డబ్బా ఒకటి చూపించాడు. గోడకు తగిలిస్తే పావుగంటకోసారి వాసన చిమ్ముతుంది.

"ఇది కిచెన్‌కి మేడం. ఇలాచీ, కాఫీ, లైట్‌గా స్మోక్. అథెంటిక్ ఫీల్ వస్తది."

వంటిల్లంటే ఉల్లిపాయ, మాడిన నెయ్యి, తడి మసిగుడ్డ వాసన వస్తుందని చెప్పాను.

"విజిటర్‌కి అదంతా ఎందుకు మేడం?" అన్నాడు.

మర్నాడు పెట్టెల్లో ప్లాస్టిక్ ఖర్జూరాలు దిగాయి. ఊరిచుట్టూ కనుచూపుమేర ఖర్జూర తోటలే. ఆ ఊళ్ళో ప్లాస్టిక్ ఖర్జూరాలు! పైన పటారం, లోన లొటారం అన్న సామెత పుట్టించినవాళ్ళు ఈ ఇంటికి వచ్చి వెళ్ళారేమో అనిపించింది.

నన్ను రోజూ తీసుకొచ్చి దింపే డ్రైవరు బాబావలి. రాయచోటి పక్కవాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. వారం రోజులు మేడం మేడం అన్నాడు, తర్వాత అక్కా అన్నాడు. అలా అన్న రోజే అడిగాడు.

"అక్కా, ఇంట్లో పనిమనిషి యాడ పండుకునేదో అది గూడా మీ సదువులో ఉంటాదా?"

"అదే నా సదువు" అన్నాను.

"మాయమ్మ ఈ ఇంట్లోనే పన్నెండేండ్లు జేసింది. ఈ ఇంటోళ్ళ పేరు జూసే నేను ఈ సైటుకు మార్పించుకున్న్యా."

అతని తల్లి పేరు ఖాసింబీ. కొడుక్కి ఏడేళ్ళప్పుడు హుఫూఫ్ వచ్చింది. వీళ్ళ పిల్లలు ముగ్గుర్ని పెంచింది. అన్నేళ్ళలో ఊరికి రెండుసార్లు పోయింది. ఇప్పుడు ఊళ్ళోనే ఉంది, మోకాళ్ళు అరిగి మంచం దిగడం కష్టమట. వయసులో పడ్డ బాధలు ఒక్కటీ చెప్పదు కానీ, తాను ఉన్న గది గురించి మాత్రం అడిగినా చెప్తుంది, అడక్కపోయినా చెప్తుంది. మేడపైన గది. మంచం. కిటికీ తీస్తే ఖర్జూర చెట్ల తలలు.

"ఆ గది ఫోటో దీసి మాయమ్మకు పంపియ్యాల. ఏ గదో మీరు కనిపెట్టి చెప్పండక్కా" అన్నాడు. అడగడంలో ఎంత ఆశ ఉందంటే, నేను వెంటనే సరేనన్నాను.

మేడపైన తోటవైపు కిటికీ ఉన్న గది ఒక్కటే. అందులో ఇంటి చిన్నకొడుకు చదువుకునేవాడు. గోడకు పుస్తకాల అర మేకులున్నాయి, నేలమీద బల్ల కాళ్ళు అరగదీసిన నాలుగు గుంటలున్నాయి. ఖాసింబీ ఉన్న సంవత్సరాలవే ఇంటివాళ్ళ ఫోటోలు చూశాను, వాటిలోనూ ఆ బల్లే. ఏళ్ళ తరబడి మనిషి పడుకున్న చోట తల ఆనే గోడకు నూనె మరక పడుతుంది. మీ ఇంట్లో చూడండి, మంచం జరిపితే కనబడుతుంది. సున్నం వేసినా పొటమరించి పైకొస్తుంది. ఆ గదిలో నాలుగు గోడలూ వెతికాను. ఎక్కడా లేదు. బాబావలికి ఇంకా చూస్తున్నానని చెప్పాను.

కింద, మెట్ల పక్కన, ఖర్జూరాల కొట్టు ఉంది. కిటికీ లేదు. నేలంతా జానెడు వెడల్పు గట్లు, గట్ల మధ్య కాలువలు, అన్నీ ఒక గుంటవైపు వాలుగా. పూర్వం ఖర్జూరాలు మూటలు కట్టి గట్లమీద పేర్చేవారు. బరువుకు పాకం కారి, కాలువల్లో పారి, గుంటలోని జాడీలోకి చేరేది. దిబ్స్ అంటారు దాన్ని. ఇర్ఫాన్ దృష్టిలో మ్యూజియం మొత్తానికీ మకుటం ఆ గది. లోపల అడుగుపెడితే చెప్పు అంటుకుని చప్పుడుతో ఊడొచ్చింది. ఎండి నల్లబడ్డ పాకం, దానిలో చచ్చిన చీమలు, బొద్దింక రెక్కలు, పులిసిన తీపి వాసన.

నేల శుభ్రం చేయడానికి మేస్త్రీ అంజన్న దిగాడు. కోరుట్ల దగ్గరి మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో పాత గోడలు బాగుచేస్తున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"మేడం, గిది సూడుండ్రి. గీ మూలకు కాల్వలు పూడ్సిండ్రు. పనోడు పూడ్సింది గాదిది. చేత్తోని మెత్తినట్టున్నది."

కొలిచాను. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఆ మేరకు మాత్రమే కాలువలు నిండి ఉన్నాయి. పైన ఎండిన మన్ను, కింద కుక్కిన గుడ్డలు. ఒక పీలిక లాగితే చిన్నపిల్లల గౌను చెయ్యి వచ్చింది. మన్నుమీద వేళ్ళు లాగిన చారలున్నాయి, మా ఊళ్ళో పేడతో అలికితే పడే చారల్లాగే.

"గీడ ఎవలో పన్నరు మేడం" అన్నాడు అంజన్న, మెల్లగా.

గోడ చూశాను. నేలకు జానెడు ఎత్తులో నల్లగా, గుండ్రంగా, కొబ్బరినూనె మరక.

మరక పైన గోడలో రాయి ఊడిన సందు ఉంది. అంజన్న సందులో వేలు పెట్టి చటుక్కున లాక్కున్నాడు. తర్వాత పట్టకారుతో బయటకు తీశాడు. రొట్టె కవరు. కవరు నిండా వెంట్రుకలు. దువ్వెనకు వచ్చినవి వేలికి చుట్టి, చివర లోపలికి దోపి, నిమ్మకాయంత ఉండలు చేసినవి. వాటికి దుమ్ము, పాకం, పురుగుల గుడ్లు. అంజన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. అవేమిటో నాకు చూడగానే తెలిసింది. మా అమ్మా, అమ్మమ్మా, మా వీధి మొత్తం ఆడవాళ్ళూ దువ్వుకున్న వెంట్రుకలు అలాగే చుట్టి గోడసందులో దోపేవాళ్ళు. పారేస్తే గాలికి ఎగిరి అన్నంలో పడతాయి. దాస్తే, వెంట్రుకలు కొనే సవరాలమ్మి వచ్చినప్పుడు బదులుగా పిన్నీసులో, గిన్నెలో వస్తాయి. తిరగేసి పరిచాను. అడుగున ఉన్న ఉండలు కారునలుపు. పైకి వచ్చేకొద్దీ ఒకటీ అరా తెల్ల వెంట్రుక. అన్నిటికన్నా పైన ఉన్నది సగం నెరిసింది. పన్నెండేళ్ళు నా చేతిలో ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఇర్ఫాన్ ఇంటి పెద్దకొడుకు జాసిమ్‌ను వెంటబెట్టుకుని పని చూపించడానికి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, ఇంజనీరు, మంచి ఇంగ్లీషు మాట్లాడతాడు. వెంట్రుకలు చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"సిహ్ర్" అన్నాడు. చేతబడి. "మా నాన్నకు పక్షవాతం వచ్చింది ఈ ఇంట్లోనే. మా చెల్లికి పిల్లలు లేరు. ఎవరు పెట్టారిది?"

ఇర్ఫాన్ అడ్డం వచ్చాడు. "తెలియదు సర్, ఎవరో ఖద్దామా, పనిమనిషి అయ్యుంటుంది. క్లీన్ చేయించేస్తాం సర్. ఇలాంటివి మేమెప్పుడూ చూడలేదు."

మొఘల్‌పురాలో పుట్టి పెరిగినవాడు వెంట్రుకల ఉండ చూడలేదట. వాళ్ళ ఇంటి గోడలో సందు దొరికితే వాళ్ళమ్మ ఊరుకునేదా? నాకు ఒళ్ళు మండిపోయింది. అది మా వైపు ఆడవాళ్ళ అలవాటని, ఎందుకు దాస్తారో, ఎవరికి ఇస్తారో అంతా చెప్పాను. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆధారం చూపించకుండా మాట వదలకూడదని నేర్చుకున్న చదువు కదా, "ఇవి ఖాసింబీవి. మన డ్రైవరు బాబావలి వాళ్ళమ్మవి. ఆవిడ పడుకున్నది ఇక్కడే" అని కూడా అన్నాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. చేతబడి చేసిందన్న మాట గాల్లో ఉండగా ఆమె కొడుకును చూపించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఖాసింబీయా" అన్నాడు జాసిమ్. "మా తమ్ముళ్ళను ఎత్తుకుని తిరిగిన మనిషి. తను చేతబడి చెయ్యదు." కాస్త ఆగి, "కానీ ఇక్కడ పడుకోవడం ఏమిటి? తను మా ఇంటి మనిషి. పైన గది ఉండేది" అన్నాడు.

"మీరు చూశారా?"

"నేను అప్పుడు దమ్మామ్‌లో ఉన్నాను, చదువూ అక్కడే, ఉద్యోగమూ అక్కడే. కానీ మా అమ్మ అలా చేసే మనిషి కాదు." తల్లి పోయి అయిదేళ్ళయిందట. అతను అబద్ధం చెప్పలేదు. చూడనివాడికి అబద్ధంతో పనేముంది?

ఇర్ఫాన్ మొహం అప్పుడే వెలిగింది. "సర్, ఇది సూపర్ స్టోరీ సర్. పైన కిటికీ రూమ్‌ని ఖద్దామా రూమ్ చేద్దాం. వైట్ బెడ్‌షీట్, నమాజుకు జానమాజ్, ఆమె ఫోటో. అదే ఇంటికి వాళ్ళబ్బాయి వచ్చాడు. విజిటర్స్ ఏడుస్తారు సర్."

నేను నేల చూపించాను. గోడమీది మరక చూపించాను. జాసిమ్ తలెత్తలేదు. "ఆవిడ బతికే ఉంది కదా, ఆవిడనే అడగండి. ఆవిడ ఏం చెప్తే అది రాయండి. నేను అడ్డురాను" అన్నాడు. న్యాయమైన మాటే. అతను వెళ్ళేటప్పుడు కొట్టు గడప దాటుతూ చెప్పు అడుగు రాయికేసి రాసుకున్నాడు.

బాబావలికి నేనే చెప్పాను. కొట్టులోకి తీసుకెళ్ళి చూపించాను. అతను మన్నుమీది వేళ్ళ చారల్లో తన వేళ్ళు పెట్టి చూశాడు. వెంట్రుకల ఉండలు ముట్టుకోలేదు.

"మాయమ్మ మేడపైన అని చెప్పె గదక్కా" అన్నాడు, అంతే.

మర్నాడు పదకొండింటికి నడవలో నిలబడి అతని ఫోనులోంచే ఇమోలో వీడియో కాల్ చేశాం. పక్కన ఇర్ఫాన్ తన ఫోనులో రికార్డు పెట్టి పట్టుకున్నాడు. తెరమీద చిన్న మొహం, పల్చటి తెల్లజుట్టు, తలమీద కొంగు.

"ఎవురు మా నువ్వు? మావోనికి ఏమన్నా అయిందా?"

ఏమీ కాలేదని, నేనెవరో, ఏ ఇంట్లోంచి మాట్లాడుతున్నానో చెప్పాను. ఇంటి పేరు వినగానే కొంగు సర్దుకుంది. పిల్లలు బాగుండారా, పెద్దకొడుక్కు ఎందరు పిల్లలు అని అడిగింది. జవాబులు చెప్పి, "పెద్దమ్మా, ఈ ఇంట్లో నువ్వు యాడ పండుకునేదానివి?" అన్నాను.

మొహం తెరకు దగ్గరగా తెచ్చింది.

"మావోడు పక్కన ఉండాడా?"

బాబావలి కెమెరాకు కనబడకుండా గోడకు ఆనుకుని ఉన్నాడు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"లేడు పెద్దమ్మా. బండి కడుగుతా ఉండాడు."

"కింద మా. ఖర్జూరాల కొట్లో." గొంతు తగ్గించింది. "ఆ నేల జూసినావా? గట్లు గట్లు. మొదట్లో ఈపంతా వాతలు తేలేటివి. పెద్దామె పరుపిచ్చింది, ఇయ్యలేదని అనగూడదు. పరుపు పాకం పీల్చి చీమలు పట్టె. పారేయమనిరి. మళ్ళీ అడిగితే ఏమనుకుంటారో అని అడగలే. పిల్లోల్ల పాతగుడ్డలు కాలవల్లో కుక్కి, తోటలో మన్ను దెచ్చి మెత్తుకుంటి. అయినా ఎండాకాలం ఊరేది. పొద్దున లేస్తే ఎంటికలు నేలకు అంటుకోని ఊడొచ్చేటివి. అన్ని ఎంటికలు యాడివనుకున్నావు?"

అప్పటిదాకా అవి దువ్వెనకు వచ్చినవే అనుకున్నాను. ఇరవై ఏళ్ళ చదువు నాది. ఆ ఉండలు చేతిలో పట్టుకుని పన్నెండేళ్ళ లెక్క చెప్పుకుని మురిసిపోయాను.

"ఊరికి తెచ్చుకుందామనుకుంటి మా. సవరాలామెకిస్తే బిందె వస్తాది గదా. తెల్లారే బండెక్కించిరి, మర్సిపోతి." చిన్నగా నవ్వింది. మళ్ళీ గొంతు మారింది. "మావోనికి చెప్పాకు మా. వాడు చిన్నప్పుడు ఫోన్లో ఒకటే అడిగేటోడు, అమ్మా నీకు మంచం ఉండాదా అని. ఉండాదంటి. కిటికీ గూడా ఉండాదంటి. వాడు నిద్రపోవాల గదా."

ఫోను పెట్టేసింది. ఇర్ఫాన్ రికార్డు ఆపి, ఏదో నొక్కి, జేబులో వేసుకున్నాడు.

"డిలీట్ చేశాను మేడం. ఆమే చెప్పొద్దన్నారు కదా. ప్రైవసీ రెస్పెక్ట్ చేయాలి. పైన రూమే రాద్దాం. ఆమె అబ్బాయికి చెప్పింది అదే, ఒక రకంగా అది కూడా ఆమె మాటే కదా. కొట్టులో ఆ మన్ను ఈరోజే తీయించేస్తాను."

మురుగు చూశాను, పుండ్లు అంటిన దుప్పట్లు చూశాను, ఇంత కంపు కొట్టే మాట ఎప్పుడూ వినలేదు. ఒక తల్లి కొడుకు కోసం ఆడిన అబద్ధాన్ని ఈ మనిషి తెల్ల దుప్పటిలా పరిచి టిక్కెట్టు పెడతాడు, పైగా మర్యాద అంటాడు. అదీ కాక ఆ నిజం నేను రాబట్టింది కూడా అబద్ధమాడే. రాస్తే ఆమె నమ్మకం పోతుంది. రాయకపోతే ఈ ఇంటి చరిత్రలోంచి ఆమే పోతుంది. సంతకం చేయాల్సిన పలకల కాగితాలు రెండూ, మేడపైన గదిదీ, కొట్టుదీ, నా చేతిలోనే ఉన్నాయి. చెయ్యి కడుక్కోవాలనిపించింది.

బాబావలి మెట్లెక్కి మేడమీదికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. చిన్నకొడుకు గదిలో కిటికీ రెక్కలు రెండూ తెరిచాడు. ఖర్జూర చెట్ల తలలు కనిపించాయి. ఫోటో తీశాడు. తల్లికి పంపి, "అమ్మా, నీ గది జూసినా. బాగుండాది" అని మాట కూడా చెప్పి పంపాడు.

కాసేపటికి జవాబు వచ్చింది. నాకు వినబడేలాగే పెట్టాడు.

"ఆఁ, ఇదే నాయనా. ఆ కిటికీ అద్దాలు దినామూ నేనే తుడిసేదాన్ని."

బాబావలి ఆ మాట మళ్ళీ పెట్టుకోలేదు. కిటికీ మూసి గడియ వేశాడు.

"ఇంగ రాయక్కా" అన్నాడు.

"ఏమని?"

"కిందనే అని. మాయమ్మ నాకు చెప్పొద్దనె. లోకానికి చెప్పొద్దనలే గదా."

కిటికీ గది కాగితాన్ని సంతకం పెట్టకుండా మడిచి సంచిలో పడేశాను. ఖర్జూరాల కొట్టు కాగితం కిటికీ గట్టుమీద పెట్టుకుని రాశాను. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, గుడ్డలు, మన్ను, గోడమీద నూనె మరక, పన్నెండేళ్ళు. ఆ నేల తవ్వకూడదని కూడా రాశాను. ఇర్ఫాన్ దీన్ని చించేస్తాడేమో, నన్నే పంపించేస్తాడేమో తెలియదు. సంతకం పెట్టే ముందు కలం ఆగింది.

"పేరు?" అన్నాను. "పలకమీద పడితే ఫోటోలు తీస్తారు. ఎవరో ఒకరు ఊళ్ళో మీ అమ్మకు చూపిస్తారు."

బాబావలి కాగితం వంక చూశాడు.

"రాయక్కా. మాయమ్మకు సదువు రాదు."